వదులు గూడు

ప్యాకింగ్ సెక్షన్‌లో ఒక మాట ఉండేది. స్కేలు అబద్ధమాడినా ఆడుతుంది గాని సొలొమోను చెవి ఆడదని. ముత్తంగి మనిషి. పటాన్‌చెరు రోడ్డు మీద మీటర్లు తయారుచేసే ఫ్యాక్టరీ అరవై మూడులో తెరిస్తే, మేకులు కొట్టే కూలీగా చేరి రెండేళ్లలో గూళ్లు కోసే పనికి ఎక్కాడు. గాజు ముఖం ఉన్న మీటరు లారీలో వందల మైళ్లు పోవాలి. అందుకని పెట్టె లోపల అట్టతోనూ థర్మాకోల్‌తోనూ దాని ఆకారానికి సరిపడా గూడు కోసి అందులో కూర్చోబెడతారు. గూడు బిగుతైతే తీసేటప్పుడు మీటరు ముల్లు విరుగుతుంది, వదులైతే దారిలోనే గాజు పగులుతుంది. సొలొమోను మూత వేసి, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపేవాడు. లోపల 'టక్' మంటే మళ్లీ విప్పేవాడు. పక్కన సూపర్‌వైజరు నిలబడి జల్దీ జల్దీ అంటున్నా సరే, విప్పేవాడే.

చెవి ఎంత పనిచేసేదో నోరు అంత తక్కువ పనిచేసేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, సొలొమోనుది మంచిదో చెడ్డదో తెలుసుకునే అవకాశం ఊరికి దొరకలేదు. పెళ్లయిన రెండో ఏడే భార్య ఏసమ్మ పచ్చకామెర్లతో పోయింది. పిల్లలు లేరు. మళ్లీ చేసుకొమ్మని అన్న అహరోను అడిగినప్పుడల్లా "సూద్దాం" అన్నాడు, అలా ఎనిమిదేళ్లు చూశాడు. ఒక్క గది, ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక సైకిలు. ఆదివారం చర్చిలో కీర్తనలు పాడేటప్పుడు మాత్రం మనిషికి గొంతుందని నలుగురికీ తెలిసేది. ఒంటరితనం అన్న మాట ఆయన ఎన్నడూ వాడలేదు. సాయంత్రం పని దిగుతుంటే "ఇగ పోయి గోడలు సూడాలె" అనేవాడు. అదేదో పరాచికమనుకుని పక్కవాళ్లు నవ్వేవాళ్లు.

అరవై ఎనిమిదిలో ఫ్యాక్టరీ కాలనీలో క్లబ్బు పెట్టారు. క్యారమ్ బోర్డులు రెండు, చదరంగం ఒకటి. ఆరు నెలలు తిరిగేసరికి క్యారమ్ పావులు ఏడు కనిపించలేదు, ఒక మంత్రి పోయాడు, గుర్రానికి బదులు ఇంకుసీసా మూత పెట్టి ఆడుతున్నారు. క్లబ్బు కార్యదర్శి సూర్యారావు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇంకో సెక్షన్ చూసుకునే ఛార్జిమాన్, గట్టిగా మాట్లాడే మనిషి. ఆయన ప్యాకింగ్ సెక్షన్‌కి వచ్చి, "ఏమయ్యా, మీటర్లకేనా గూళ్లు, పావులకు చెయ్యవా?" అన్నాడు.

సొలొమోను చేశాడు. విదేశీ యంత్రాలు వచ్చిన పెట్టెల్లోంచి చెత్తకుప్పలో పారేసిన థర్మాకోల్ ముక్కలు గేటు పాసు రాయించుకుని ఇంటికి తెచ్చాడు. మొదటిసారి సైకిలు పంక్చరు సొల్యూషన్‌తో అతికించాడు. తెల్లారి లేచి చూస్తే అది థర్మాకోల్‌ని చీమలు బెల్లాన్ని తిన్నట్టు తినేసింది. తరవాత మైదాపిండి జిగురు ఉడికించి, బొద్దింకలు కొరక్కుండా అందులో మైలుతుత్తం కలిపాడు. ప్రతి గూటికీ పక్కన వేలు పట్టేంత గాడి పెట్టాడు. పోయిన పావులకూ గూళ్లు కోశాడు. ఖాళీ గూడు చూస్తే పోయిందేదో తెలుస్తుందని.

ఇక చూడండి. కాలనీలో ప్రతి ఇంటికీ ఒక పెట్టె కావాల్సివచ్చింది. వైకుంఠపాళీ పావులు, చదరంగం బలగం, పిల్లల వ్యాపారం ఆటలోని రంగు నోట్లు, అన్నీ ముత్తంగిలోని ఆ ఒక్క గదికి చేరాయి. తెచ్చినవాళ్లు ఇచ్చేసి పోయేవాళ్లు, అయ్యాక వచ్చి తీసుకుని పోయేవాళ్లు. రండి ఒక ఆట వేద్దాం అని ఆయన్ని ఎవరూ పిలవలేదు. పిలిచినా ఆయనకు ఇబ్బందే. గవ్వలూ పాచికలూ పేకలూ ముట్టకూడదని వాళ్ల సంఘంలో గట్టి నియమం. పాచికలకు బ్రహ్మాండమైన గూడు చేసిపెట్టిన మనిషి వాటిని రెండు వేళ్లతో ఎత్తి, కాగితంలో చుట్టి, తిరిగి ఇచ్చేవాడు.

డెబ్బై ఒకటి వానల్లో సూర్యారావు మళ్లీ వచ్చాడు. ఈసారి క్లబ్బు కోసం కాదు. "మా అమ్మకొక పచ్చీసు ఆట ఉందయ్యా. చిన్నప్పటిది. ఊళ్లు మారినప్పుడల్లా ఒక కాయ దొర్లిపోతోందని ఒకటే గోల. ఓసారి ఇంటికెళ్లి చూడు."

సూర్యారావు తల్లి పేరు బుల్లెమ్మ. అరవై దాటాయి. కొడుకు షిఫ్టుకూ కోడలు బడిలో పాఠాలు చెప్పడానికీ పోతే పగలంతా క్వార్టర్‌లో ఆమె ఒక్కతే. అటువాళ్లు, ఇటువాళ్లు అని జనం మాటలు విసురుకుంటున్న రోజులు. నోరు తెరిస్తే యాస పట్టుకుంటారని ఆమె కూరగాయల బండి దగ్గర కూడా వేలితో చూపించి కొనేది. నోరున్న మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది?

బుధవారం మీటర్ల లారీ వెళ్లిపోయాక ప్యాకింగ్ వాళ్లను రెండింటికే వదిలేవాళ్లు. ఆ బుధవారం సొలొమోను వెళ్లి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. బుల్లెమ్మ పాత చీర ముక్కలో మూటకట్టిన కాయలు తెచ్చి అతని ముందు పోసింది. లక్క రంగు వేసిన చెక్క కాయలు పదహారు, గవ్వలు ఆరు. చేత్తో తిప్పి చేసినవి కనుక ఏ రెండు కాయలూ ఒక్కలా లేవు. సొలొమోను ఒక్కొక్కటీ కాగితం మీద నిలబెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి అంకె వేశాడు. ఆ గీస్తున్నంతసేపూ ఆమె మాట్లాడింది. ఎర్ర కాయలు పెద్దక్కవి, పసుపువి తనవి, మేనమామ ఓడిపోతే ఆట గళ్ల బట్ట మడత పెట్టేసేవాడు, వరద వచ్చిన ఏడు అటక మీద కూర్చుని మూడు రోజులు ఇదే ఆట. సొలొమోను "ఆఁ" అన్నాడు. అంతే అన్నాడు. కాని ఇంటికి పోయి స్టవ్వు వెలిగిస్తూ, ఆ మేనమామను తలుచుకుని నవ్వాడు. ఆ గదిలో నవ్వి ఎన్నాళ్లయిందో.

రెండు వారాలకు పెట్టె ఇచ్చాడు. మరుసటి వారమే సూర్యారావు కబురు తెచ్చాడు. "పదకొండో నంబరు పసుపు కాయ ఆడుతోందట. వచ్చి చూడమంది."

అది నిజమైన తప్పే. వాన చెమ్మకు అట్ట ఉబ్బి, ఎండకు మళ్లీ ముడుచుకుంది. సొలొమోనుకు తల కొట్టేసినట్టయింది. బుధవారం పోయి గూడు సరిచేస్తుంటే ఆమె టీ తెచ్చింది. అతని గ్లాసు వేరు, కిటికీలో బోర్లించి ఉంటుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు, ఇద్దరూ దాని మాట ఎత్తలేదు. పని అయ్యాక బుల్లెమ్మ బట్ట పరిచింది.

"ఒక్కదాన్నీ నాలుగు చేతులూ ఆడి ఆడి విసుగొచ్చింది. ఒక పక్క నువ్వు పట్టవయ్యా."

"మేం గవ్వలు ముట్టమమ్మా. మా సంఘంల ఒప్పుకోరు."

"గవ్వలు నేను వేస్తాను. కాయలు నువ్వు జరుపు. పాపమేదైనా వస్తే అది వేసినదాని నెత్తినే పడుతుంది."

సొలొమోను చాలాసేపు ఆలోచించాడు. చెక్క కాయ జరపకూడదని ఏ పెద్దా చెప్పినట్టు గుర్తుకు రాలేదు. జరిపాడు. ఆమె అతని తరఫున గవ్వలు విసిరి, "పచ్చీస్ పడింది, నీ అదృష్టం చూడు" అని తనే సంతోషించి, మరుక్షణం అతని కాయను నిర్దాక్షిణ్యంగా చంపేది. మెట్టు కింద నిలబడితే బట్ట సరిగ్గా చేతి ఎత్తున ఉండేది. అతను నిలబడీ, ఆమె పైన కూర్చునీ ఆడారు.

ఆట బాగానే ఉంది. కాని మళ్లీ ఎట్లా రావడం? పని లేకుండా, గ్లాసు వేరు పెట్టే ఇంటి గడపకు పోవడం సొలొమోను వాడలో తాత తండ్రుల నాటి నుంచి ఎవరికీ అలవాటు లేదు. పని పడితే కబురు వస్తుంది, కబురు వస్తే పోతారు. కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ జంగయ్య కూడా అందరినీ అదే అడిగేవాడు, "ఎవరింటికి? ఏం పని?" అని.

అందుకని సొలొమోను జీవితంలో ఎన్నడూ చేయని పని ఒకటి చేశాడు. బుల్లెమ్మ పెట్టెలో ఒక గూడు సరిచేసేటప్పుడు, ఇంకొక గూటిని బ్లేడుతో వెంట్రుకవాసి వదులు చేశాడు. సైకిలు తొక్కుతూ దారంతా దొంగతనం చేసినవాడిలా వెనక్కి చూసుకున్నాడు. తొమ్మిది రోజులకు కబురు వచ్చింది, ఏడో నంబరు ఆడుతోందని.

అలా నడిచింది. ఒక వారం ఎర్రది, ఒక వారం ఆకుపచ్చది. ఒకసారి సొలొమోను ఏ గూటినీ ముట్టుకోకుండా వచ్చేశాడు. ముందు ఆదివారం పాదిరిగారు నమ్మకమైన పని గురించి చెప్పిన ప్రసంగం మనసులో గుచ్చుకుంది. అయినా వారానికి కబురు వచ్చింది. మూడో నంబరట. పోయి చూస్తే గూటి లోపలి అంచున సన్నటి గీతలున్నాయి. దబ్బనంతో గీకినవి. థర్మాకోల్ పొడి ఇంకా మూలలో తెల్లగా ఉంది. సొలొమోను తలెత్తలేదు. "వానకు గిట్లనే అయితదమ్మా" అన్నాడు. అప్పటికి ఎండలు మండిపోతున్నాయి. "అంతేనేమో నాయనా" అంది బుల్లెమ్మ, బట్ట పరుస్తూ.

రెండేళ్లకు పైగా బుధవారాలు అలాగే గడిచాయి. అతని జీవితంలో సంతోషం ఏది అని ఎవరైనా నన్నడిగితే ఆ బుధవారాలే చూపిస్తాను. ఆ రెండేళ్లలో ఆమె కుటుంబంలోని మూడు తరాల వాళ్లూ అతనికి తెలిసిపోయారు. ఏసమ్మ సంగతి అతను మొదటిసారి నోరు విప్పి చెప్పింది కూడా ఆ మెట్టు దగ్గరే. కాయ చేతిలో పట్టుకుని చెప్పాడు. బుల్లెమ్మ గవ్వలు వేయకుండా విన్నది.

డెబ్బై మూడు చివర్లో ఫ్యాక్టరీకి ఒక ఉత్తరం వచ్చింది. పంపిన మీటర్లలో మూడింటికి గాజు పగిలిందని, గూడు వదులుగా ఉందని. పెట్టె మీద చీటీలో సొలొమోను నంబరే ఉంది. గూళ్లు కోసిన ఎనిమిదేళ్లలో అదే మొదలు. చేతికి వదులు అలవాటైందో, ఆ రోజు చెవి ఎక్కడ పెట్టాడో. సూపర్‌వైజరు అందరి ముందూ ఉత్తరం చదివాడు. అరవలేదు, చదివాడంతే. సొలొమోనుకు దానికంటే చెంపదెబ్బ నయమనిపించింది.

తప్పంతా తన దొంగబుద్ధిదే అనుకున్నాడు. ఇక ఎక్కడా వదులు ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఊపులో బుల్లెమ్మకు కొత్త పెట్టె మొదలుపెట్టాడు. పాత పెట్టెకు రెండేళ్లుగా మోసం చేశాను, దానికి పరిహారంగా పేరు చెప్పుకునేలాంటిది ఇవ్వాలి అనుకున్నాడు. చెక్క పెట్టె, లోపల థర్మాకోల్, దాని మీద అట్ట, ఆపైన ఎర్ర బనాతు గుడ్డ. చెమ్మ తగలకుండా లోపలంతా మైనం పూశాడు. ఒక్కొక్క కాయకూ మూడుసార్లు కోసి మూడుసార్లు పారేశాడు. నెలన్నర పట్టింది. అతి చేస్తే గతి చెడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. పాపం, సొలొమోనుకు ఆ సామెత తెలుసు గాని, అది మంచి పనికి కూడా వర్తిస్తుందని తెలియదు.

డిసెంబరులో ఒక బుధవారం తీసుకుపోయి ఇచ్చాడు. బుల్లెమ్మ పెట్టె తెరిచింది. పదహారు కాయలూ పదహారు గూళ్లలో పెట్టి మూత వేసింది. అతని దగ్గరే నేర్చుకున్న అలవాటు, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఇంకోసారి ఊపింది.

"ఏమీ చప్పుడు లేదే" అంది.

సొలొమోను నిలువెల్లా పొంగిపోయాడు. పనివాడికి అంతకంటే మెచ్చుకోలు ఏముంది? ఆ పొంగులో, ఏడాదికి పది మాటలు మాట్లాడే ఆ నోరు, మాట్లాడకూడని ఒక్క మాట మాట్లాడేసింది.

"రాదమ్మా. వానొచ్చినా ఎండొచ్చినా రాదు. ఇగ మీకు నాతోని పని పడదు."

బుల్లెమ్మ పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. "అలాగే నాయనా" అంది. మూత మీద చెయ్యి రాస్తూ, "చాలా కష్టపడ్డావు" అంది. ఆ రోజు తలనొప్పిగా ఉందని బట్ట పరవలేదు.

తరవాతి బుధవారం కబురు రాలేదు. ఆ తరవాతిది కూడా రాలేదు. సొలొమోను మొదట పండగలనుకున్నాడు, తరవాత జ్వరమేమో అనుకున్నాడు. సూర్యారావు సెక్షన్‌లోకి వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగాడు. "పెట్టె ఎట్లున్నది సార్?"

"దానికేమయ్యా, భేషుగ్గా ఉంది. మా అమ్మ ఒక్క మాట అనలేదు" అన్నాడు సూర్యారావు, వీపు తట్టి.

ఆ తట్టిన చోట సాయంత్రం దాకా బరువుగానే ఉంది. అప్పుడర్థమైంది సొలొమోనుకు, తను చేసిందేమిటో. తన చేత్తో తనే తలుపు మూసి, మైనం పూసి, బనాతు అంటించాడు. పోనీ ఆమెకు ఆట మీద విసుగు పుట్టిందేమో, తెలిసినవాళ్లు దొరికారేమో అని కూడా అనుకున్నాడు. అలా అనుకుంటే ఇంకా ఎక్కువ నొప్పి పుట్టింది. ఫిబ్రవరిలో ఒక బుధవారం కాలనీ గేటు దాకా సైకిలు తొక్కాడు. జంగయ్య చుట్ట నోట్లోంచి తీసి, "ఎవరింటికే సొలొమోనూ? ఏం పని?" అన్నాడు. "ఏం లేదు, గిట్లనే పోతున్న" అని సైకిలు తిప్పుకుని పోయి గోడలు చూశాడు. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది. మాట్లాడటం అలవాటు లేని రోజుల్లో ఆ గది ఇంత నిశ్శబ్దంగా లేదు.

ఏప్రిల్లో సూర్యారావుకు మదరాసు వైపు ఫ్యాక్టరీకి బదిలీ అయింది. సెక్షన్‌లో టీ తాగుతూ ఎవరో అన్నారు. రేపు పొద్దున సామాను లారీ వస్తుందట.

ఆ రోజు మంగళవారం. సొలొమోను కత్తి బల్ల మీద పెట్టి, ఒంట్లో బాగాలేదని చెప్పి, పనిలో చేరిన తరవాత మొదటిసారి షిఫ్టు మధ్యలో బయటికి నడిచాడు. కాలనీ గేటు దగ్గర జంగయ్య మామూలు ప్రశ్నే అడిగాడు.

"సూర్యారావు సారు ఇంటికి. పని లేదు" అన్నాడు సొలొమోను. జంగయ్య వింతగా చూసి దారి వదిలాడు.

వరండా నిండా ట్రంకుపెట్టెలు, తాళ్లతో కట్టిన మంచం కోళ్లు. వాటి మధ్య బుల్లెమ్మ చాప మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. అతన్ని చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"ఎవరు పంపారు నాయనా? సూర్యం ఏమన్నా చెప్పాడా?"

"ఎవరు పంపలేదమ్మా. ఊరికెనే వచ్చిన."

బుల్లెమ్మ పక్కనున్న ట్రంకు మీద చెయ్యి వేసింది.

"పెట్టెను రోజూ ఊపి చూసేదాన్నయ్యా" అంది. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్క కాయన్నా కదిలితే నీకు కబురు పంపుదామని. కదల్లేదు. దబ్బనం తీసుకుని కూర్చున్నాను కూడా. అంత అందంగా చేసినదాన్ని గీకడానికి చెయ్యి రాలేదు."

"కదిలిందని అబద్ధం చెప్పి పిలువకపోతిరా అమ్మా."

"పని పడదు అన్నావుగా. ముసలిదాని సోదికి విసిగిపోయి, మర్యాదగా చెప్పావనుకున్నాను."

సొలొమోను మెట్టు మీద కూలబడ్డాడు.

"ఊరికెనే రావొచ్చని నాకు తెల్వదమ్మా."

"నాకు మాత్రం తెలుసా నాయనా, ఊరికే పిలవచ్చని?"

పెట్టె అప్పటికే ఒక ట్రంకులో అడుగున సర్దేశారు. దాన్ని తీయాలంటే పైన బట్టలూ గిన్నెలూ అన్నీ తీయాలి, కోడలు బడి నుంచి వచ్చే వేళయింది. బుల్లెమ్మ తాళంచెవి చేతిలో పట్టుకుని ట్రంకు వైపు చూసి ఊరుకుంది. పదిహేడు బుధవారాలు పోయాయి. ఇటు ముత్తంగిలో ఒకరు, అటు కాలనీలో ఒకరు, మధ్యలో సైకిలు మీద పావుగంట దారి. ఆమె మేనమామ సంగతి ఏదో మొదలుపెట్టింది. సొలొమోను "ఆఁ" అన్నాడు, తరవాత ఇంకో మాట కూడా అడిగాడు, కోడలు గేటు తీసిన చప్పుడు అయ్యేదాకా అడుగుతూనే ఉన్నాడు.